‘ఈ ర్యాంకుకు సీటొస్తుందా అన్నా?’ – వెబ్ ఆప్షన్ల వేళ మేం అడిగిచూసిన జోస్యాలు

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్‌లో మా అమ్మాయికి 23,618వ ర్యాంకు వచ్చింది. ఫలితం చూసుకున్న పది నిమిషాలకే ఆమె ఫోన్ తెరిచి, ముఖం తెలియని ఎవరినో ‘అన్నా, 23 వేలు, బీసీ-బి, అమ్మాయి, సీఎస్‌ఈ ఎక్కడొస్తుంది?’ అని అడిగింది. సీఎస్‌ఈ అంటే కంప్యూటర్ సైన్స్ బ్రాంచి. ఆ రోజు మొదలు, కోరుకున్న కాలేజీలను వరుసగా ఆన్‌లైన్‌లో నమోదు చేసే వెబ్ ఆప్షన్లు పెట్టి, రెండో విడత సీట్ల కేటాయింపు వెలువడే వరకు, అనంతపురం కమలానగర్‌లోని మా ఇంట్లో ఆ ప్రశ్న తప్ప మరో మాట వినపడలేదు. ఈ జోస్యాల సరుకు మూడు చోట్ల దొరుకుతుందని నాకు అప్పుడే తెలిసింది. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఉచితంగా ఇస్తారు. ‘సీటు ప్రిడిక్టర్’ అని చెప్పుకునే వెబ్‌సైట్లలో మన ఫోన్ నంబరు తీసుకుని ఇస్తారు. ఫోన్‌లో మాట్లాడే కౌన్సెలింగ్ నిపుణులు 1,999 రూపాయలు పుచ్చుకుని ఇస్తారు. మేము మూడూ తీసుకున్నాం. నేను హైస్కూలులో లెక్కలు చెప్పే మాస్టరును కనుక, ఎవరు ఏం చెప్పారో తేదీలతో సహా ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. సీటు వచ్చాక ఆ పుస్తకాన్ని మళ్లీ తిరగేసి రాస్తున్న సమీక్ష ఇది.

ముందుగా ఉచిత సరుకు సంగతి. మా అమ్మాయి చేరిన గ్రూపుల్లో ఒకదానిలో వేల మంది ఉన్నారు. ప్రశ్న పెట్టిన రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది, ఆ వేగాన్ని మెచ్చుకోవలసిందే. అయితే ఒకే ప్రశ్నకు ఒకే సాయంత్రం వచ్చిన జవాబులను వరుసగా రాసి చూస్తే, ‘పక్కా వస్తుంది’ అన్నవారూ, ‘ఛాన్సే లేదు’ అన్నవారూ, ‘సెకండ్ ఫేజ్‌లో చూడొచ్చు’ అన్నవారూ ఉన్నారు. మా ఆర్టీసీ బస్టాండు దగ్గర పంజరం పెట్టుకుని కూర్చునే చిలక జోస్యం ఆయన కూడా ఒక మనిషికి ఒక కార్డే తీయిస్తాడు. ఇక్కడ మూడు కార్డులూ ఒకేసారి చేతిలో పెడుతున్నారు.

ఇందులో జవాబు చెప్పేవారి దురుద్దేశం ఏమీ లేదు. వాళ్లలో చాలామంది నిరుడు ఇదే ఆందోళన పడిన పిల్లలు. చిక్కంతా ప్రశ్నలోనే ఉంది. ర్యాంకు, కులం, ఆడా మగా అనే మూడు ముక్కలతో సీటు తేలదు, కానీ ఆ మూడింటికి మించి అడిగిన అపరిచితుడు మాకు ఒక్కడూ తగల్లేదు. అన్నింటికన్నా ముందు అడగవలసిన ముక్క స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం దాదాపు ప్రతి కాలేజీలోనూ కన్వీనర్ సీట్లలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే వాటిలో, 85 శాతం ఆ ప్రాంతపు స్థానిక విద్యార్థులకు పోతాయి. తక్కిన 15 శాతానికే అన్ని ప్రాంతాల వారూ పోటీపడతారు. ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ (ఎస్వీయూ) ప్రాంతం కిందికి వస్తే, ప్రకాశం నుంచి శ్రీకాకుళం దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయ (ఏయూ) ప్రాంతం కిందికి వస్తాయి. కాబట్టి విజయవాడ దగ్గరి ఒక కాలేజీలో నిరుడు 26 వేల ర్యాంకుకు సీటు వచ్చిందని ఎవరైనా చెబితే, ఆ మాట నిజమే అయినా, రాయలసీమ పిల్లకు దానితో పెద్దగా పని లేదు. ఆ సీటు పొందిన అమ్మాయి 85 శాతంలో నిలబడింది, మా అమ్మాయి 15 శాతంలో నిలబడాలి.

మా ఇంట్లో ఈ విషయమే మరింత ముదిరింది. మా అమ్మాయి ఆరు నుంచి పదో తరగతి వరకు అనంతపురంలో చదివి, ఇంటర్ రెండేళ్లు విజయవాడ హాస్టల్లో ఉంది. సీమ పిల్లల్లో ఇలా చదివేవారు ఎందరో. ఈ సంగతి గ్రూపులో చెప్పగానే, ‘ఇంటర్ అక్కడ చదివితే నువ్వు ఏయూ లోకల్’ అని ఒకరు తీర్పు చెప్పారు, నలుగురు దానికి బొటనవేలు గుర్తు పెట్టారు. ఆ రాత్రి మా అమ్మాయి అనంతపురం, కర్నూలు, కడప కాలేజీలన్నీ జాబితాలోంచి కొట్టేసి, గుంటూరు, విజయవాడ కాలేజీలతో కొత్త జాబితా రాసుకుంది. ఉదయం లేచి నేను చూడకపోతే ఏమయ్యేదో తెలియదు. నిబంధన ఇలా ఉంటుంది: అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివితే అక్కడ స్థానికులు, అలా లేకపోతే చివరి ఏడేళ్లను లెక్కలోకి తీసుకుని, అందులో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో అక్కడ స్థానికులు. ఆరో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా సరిగ్గా ఏడేళ్లు. అందులో ఐదు అనంతపురంలోవి. ఆమె ఎస్వీయూ స్థానికురాలే. ఈ లెక్కకు వేళ్లు చాలు, గ్రూపు అక్కర్లేదు.

రెండో అసంపూర్ణ ప్రశ్న ఫలితాలకు ముందు వస్తుంది: ‘ఇన్ని మార్కులకు ఎంత ర్యాంకు రావచ్చు?’ పరీక్ష 160 మార్కులకు జరుగుతుంది, లెక్కలకు 80, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరో 40. కానీ ర్యాంకులో ఈ పరీక్షకు 75 శాతమే బరువు. తక్కిన 25 శాతం ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల 600 మార్కుల నుంచి వస్తుంది. ఇద్దరు పిల్లలకూ ఈఏపీసెట్‌లో 80 చొప్పునే వచ్చాయని అనుకుందాం. ఒకరికి ఇంటర్ గ్రూపులో 570, మరొకరికి 480 వస్తే, మొదటివారి మొత్తం 61.25, రెండోవారిది 57.5. ఆ 3.75 తేడా ఈఏపీసెట్‌లో ఎనిమిది మార్కులతో సమానం, ఒక్క మార్కుకే ర్యాంకు వందల కొద్దీ మారే చోట ఎనిమిది మార్కులంటే చిన్న సంగతి కాదు. పైగా పరీక్ష చాలా పూటల్లో జరుగుతుంది కనుక, పూటపూటకూ ప్రశ్నపత్రం కష్టసుఖాలను సరిచేసిన మార్కులే లెక్కలోకి వస్తాయి. కరోనా మూలంగా 2021, 2022ల్లో ఇంటర్ వెయిటేజీయే లేదు. ఆ సంవత్సరాల ‘మార్కులకు ర్యాంకు’ పట్టికలు ఇప్పటికీ తేదీ చెరిపేసుకుని గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

మెడిసిన్ పిల్లల పరిస్థితి ఇంతకన్నా దయనీయం. మా తోటి ఉపాధ్యాయుడి అబ్బాయి కర్నూలు మెడికల్ కాలేజీ మీద ఆశ పెట్టుకుని 2025లో నీట్ రాశాడు. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 మార్కులు వచ్చాయి. 2025లో ప్రశ్నపత్రం కఠినంగా ఉండి దేశంలోనే మొదటి ర్యాంకు 686 మార్కుల దగ్గర ఆగింది. పరీక్ష రాసి వచ్చిన రాత్రి కీ చూసుకుని ఆ అబ్బాయి తన మార్కులు ఒక గ్రూపులో పెడితే, నిరుటి పట్టిక ముందు పెట్టుకున్న ఒక పెద్దమనిషి ‘లాంగ్ టర్మ్‌కు రెడీ అవ్వు తమ్ముడూ’ అన్నాడట, అంటే మరో ఏడాది కోచింగ్ తీసుకోమని. ర్యాంకు వచ్చేదాకా ఆ ఇంట్లో సరిగా అన్నం వండలేదు. మార్కులు ఏటా మారే కొలబద్ద, ర్యాంకు కొంత నిలకడైన కొలబద్ద. ఆ తేడా తెలియనివాడు చెప్పిన జవాబు ఎంత ప్రేమతో చెప్పినా తప్పే అవుతుంది.

ఇక వెబ్‌సైట్ల విషయం. మేము వాడిన ప్రిడిక్టర్ పేరు చెప్పను, అలాంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి. ర్యాంకు, కేటగిరీ, బ్రాంచి ఇస్తే కాలేజీ పేరు పక్కన ఆకుపచ్చ గీత గీసి ‘92 శాతం అవకాశం’ అని చూపించింది. ఆ 92 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని పిల్లల పేపరు దిద్దినట్టు దాన్ని పరీక్షించాను. బీసీ-బి అమ్మాయి బదులు ఓసీ అబ్బాయి అని మార్చాను, 92 అలాగే ఉంది. ర్యాంకును 24,999 చేశాను, అప్పటికీ 92. ఒక్క అంకె పెంచి 25,000 చేయగానే 54కు పడిపోయింది. అంటే అది ర్యాంకులను ఐదు వేల చొప్పున గంపలుగా పోసుకుని, ఏ గంపలో పడితే ఆ చీటీ చదువుతోంది. స్థానికత ఏమిటని అడిగే గడి అందులో అసలే లేదు. దశాంశాలు, శాతాలు కనబడితే మనవాళ్లకు నమ్మకం కుదురుతుంది. టెలిగ్రామ్‌లో ‘పక్కా’ అన్న మాటకూ, ఇక్కడ ‘92 శాతం’ అన్న మాటకూ బరువు ఒకటే. మర్నాటి నుంచి వరుసగా నాలుగు రోజులు, బెంగళూరు కాలేజీల నుంచి రోజుకు ఆరేడు ఫోన్లు రావడం ఒక్కటే ఆ వెబ్‌సైటు కచ్చితంగా నిలబెట్టుకున్న సేవ. ఐదుకు ఒక మార్కు వేస్తాను, ఆ ఒక్కటి కూడా అక్షరాలు పెద్దవిగా, చదవడానికి వీలుగా ఉన్నందుకు.

1,999 రూపాయల ఫోన్ సలహాలో మర్యాద ఎక్కువ. ‘సర్’ అనకుండా ఒక వాక్యం పూర్తి చేయలేదు. పన్నెండు నిమిషాలు మాట్లాడి, మర్నాడు అరవై ఆప్షన్ల జాబితా పీడీఎఫ్‌గా పంపారు. చూడటానికి ముచ్చటగా ఉంది. ధర్మవరంలో ఉండే మా స్నేహితుడు కూడా తన కొడుకు కోసం అదే ప్యాకేజీ కొన్నాడని ఆదివారం కలిసినప్పుడు తెలిసింది. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూశాం. వాళ్లబ్బాయి ఓసీ, ర్యాంకు వేరు, కోరుకున్న బ్రాంచి వేరు. అయినా మొదటి నలభై ఆప్షన్లు అదే వరుసలో ఉన్నాయి. అందులో పదిహేడోది మహిళా ఇంజినీరింగ్ కాలేజీ. మా స్నేహితుడు ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత ఇద్దరం నవ్వుకుని, ఉగ్గాని బజ్జీ తిని ఇంటికి వెళ్లాం. ఆయన డబ్బులు వెనక్కి అడిగాడు, జవాబు రాలేదు.

ఆ సేవలో నాకు నిజంగా అభ్యంతరమైన విషయం వేరే ఉంది. ఆప్షన్లు తామే నమోదు చేస్తామనీ, లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్, ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెప్పమనీ అడిగారు. అవి చేతికిచ్చిన తరవాత వాళ్లు ఏ కాలేజీ ఎక్కడ పెడతారో మన అదుపులో ఉండదు. గడువు ముగిసే చివరి గంటలో ఎవరైనా వరుస మార్చితే కనిపెట్టే అవకాశమూ ఉండదు. నేను ఇవ్వలేదు. మా వీధిలో ఇద్దరు ఇచ్చారు.

ఇక్కడ ఒక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా నోటుబుక్కులో ఎక్కువ పేజీలు దీనితోనే నిండాయి. సీటు ఎలా ఇస్తారో తెలిస్తే, సీటు వస్తుందా అన్న ప్రశ్న అవసరం చాలా వరకు తీరిపోతుంది. కంప్యూటరు మొదటి ర్యాంకు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినే పిలుస్తుంది. పిలిచినవారి జాబితాను పైనుంచి చదువుతూ, వారి అర్హతకు తగిన సీటు మొదటగా ఎక్కడ ఖాళీగా కనబడితే అక్కడ ఆపి, ఆ సీటు ఇచ్చి, తరవాతి ర్యాంకుకు వెళ్తుంది. అంతే. మన వంతు వచ్చినప్పుడు మొదటి ఆప్షను నిండిపోయి ఉంటే రెండోది చూస్తుంది, అదీ నిండితే మూడోది. అందని కాలేజీని పైన పెట్టినందుకు జరిమానా ఏమీ లేదు. కింద ఉన్నదానిలో మన హక్కు ఒక్క వీసం కూడా తగ్గదు. మన వెనక ర్యాంకువాడు అదే కాలేజీని మొదటి ఆప్షనుగా పెట్టుకున్నా, దాన్ని పదో ఆప్షనుగా పెట్టుకున్న మనకే అది ముందు దక్కుతుంది. కాబట్టి ఇష్టం ఉన్న వరుసలోనే ఆప్షన్లు పెట్టుకోవాలి. వచ్చే అవకాశం ఉన్న వరుసలో పెట్టుకుంటే నష్టపోతాం. ఆప్షన్ల సంఖ్యకు పరిమితీ లేదు.

కానీ గ్రూపుల్లో నేను ఎక్కువసార్లు చూసిన సలహా ఏమిటంటే, ‘ఫస్ట్ ఆప్షన్ వేస్ట్ చేసుకోకు, వచ్చేదే పెట్టు.’ ఈ ఒక్క మాట వల్ల ఎందరు పిల్లలు తమకు వచ్చే మంచి కాలేజీని తామే వదులుకున్నారో లెక్క తీయడం ఎవరి వల్లా కాదు. సినిమా టికెట్ల వరుసలో ఒక్క కౌంటరు దగ్గరే నిలబడాలి కనుక ఏది ఖాళీగా ఉందో చూసుకుంటాం. ఆ అలవాటుతో చెప్పే మాట ఇది. వెబ్ ఆప్షన్లలో మనం అన్ని కౌంటర్ల దగ్గరా ఒకేసారి నిలబడతాం.

జాగ్రత్త పడవలసిన చోటు రెండో విడతలో వస్తుంది. అప్పటికే చేతిలో ఒక సీటు ఉండి, మళ్లీ ఆప్షన్లు పెట్టి వేరే సీటు వస్తే, మొదటిది దానంతటదే రద్దవుతుంది. అది వెంటనే మరొకరికి పోతుంది. కాబట్టి రెండో విడతలో చేతిలో ఉన్న సీటు కన్నా నిజంగా మేలైనవే పెట్టుకోవాలి. ‘ఊరికే అన్నీ మళ్లీ పెట్టేయ్, చూద్దాం’ అని సలహా ఇచ్చిన ఒకాయన ప్రొఫైల్ బొమ్మలో కళ్లజోడు పెట్టుకున్న పులి ఉంది. ఆయన ఎవరో, ఏ ఊరో, ఏం చదివాడో ఇప్పటికీ తెలియదు.

అయితే అంచనా పూర్తిగా అక్కరలేదా అంటే, రెండు చోట్ల కావాలి: జాబితాను ఎంత లోతుకు రాసుకోవాలో తెలియడానికి, మేనేజ్‌మెంట్ సీటు కొనవలసిన అగత్యం ఉందో లేదో తేల్చుకోవడానికి. రెండోదే డబ్బుతో ముడిపడినది. ప్రైవేటు కాలేజీల సీట్లలో 30 శాతం యాజమాన్యమే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా; వాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. కౌన్సెలింగ్ మొదలు కాకముందే, గ్రూపు నడిపేవారిలో ఒకరు మా అమ్మాయికి విడిగా సందేశం పంపి, ‘కన్వీనర్‌లో మీకు సీఎస్‌ఈ రాదు మేడమ్, పాతిక వేలు కడితే ఇప్పుడే సీటు బ్లాక్ చేయిస్తాను, తర్వాత నన్ను అనొద్దు’ అన్నారు. అప్పటిదాకా ఆయనే అందరికీ ఓపిగ్గా జవాబులు చెప్పే మంచి అన్న. ఉచిత జోస్యానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో ఆ సందేశంతో తెలిసింది. ఆ గ్రూపుకు ఐదుకు సున్నా ఇవ్వాలని ఉంది కానీ, కింద చెప్పబోయే ఒక కారణం వల్ల రెండు ఇస్తున్నాను.

అంచనాకు మేము చివరికి ఆధారపడింది కన్వీనర్ వెబ్‌సైటులో ఉండే పాత సంవత్సరాల చివరి ర్యాంకుల పట్టిక మీద. అది ఉచితం, ఎవరి నంబరూ అడగదు. కాలేజీ, బ్రాంచి, ప్రతి కేటగిరీలో అబ్బాయిలకు ఒక గడి, అమ్మాయిలకు ఒక గడి, అన్నీ ఉంటాయి. ఫోన్‌లో చదవబోతే మాత్రం మోసపోతాం. పెద్దది చేసి పక్కకు జరిపేసరికి పైనున్న శీర్షికలు మాయమై, బీసీ-బి అమ్మాయిల గడి అనుకుని పక్కగడిలోని అంకె చదివేస్తాం. గ్రూపులో ‘ఇదిగో ప్రూఫ్’ అని పెట్టిన స్క్రీన్‌షాట్లలో రెండు అలా తప్పు గడికి ఎర్ర సున్నా చుట్టినవే. నేను సుభాష్ రోడ్డులో జిరాక్స్ తీయించి, నేల మీద పరిచి, స్కూలు నుంచి తెచ్చిన చెక్క స్కేలును గీత కింద పెట్టి, మా అమ్మాయి చదువుతుంటే రాసుకున్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. మూడేళ్ల అంకెలు పక్కపక్కన రాస్తే ఒక్కో కాలేజీ ఎంత ఊగుతుందో కంటికే తెలిసిపోయింది. సివిల్, మెకానికల్ గడులు ఏటా ఎగిరి దూకుతాయి. పేరున్న కాలేజీల్లో సీఎస్‌ఈ గడి కొంచెమే కదులుతుంది. మొదటి విడత పట్టికా, చివరి విడత పట్టికా అన్నది కూడా చూసుకోవాలి, ఆ రెండింటినీ కలిపి చదివితే లెక్క తప్పుతుంది.

ఈ పట్టిక కూడా వేదవాక్కు కాదు. 2024-25 నుంచి మంచి ప్రమాణాలున్న కాలేజీల్లో ఒక్కో బ్రాంచికి ఇన్నే సీట్లు అన్న పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తేసింది, దానితో కంప్యూటర్ బ్రాంచీల సీట్లు పెరిగాయి. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాకు ఇవ్వడం మొదలైనప్పుడూ అంకెలు కదిలాయి. 2025లో ఎస్సీల 15 శాతాన్ని 1, 6.5, 7.5 శాతాలుగా మూడు వర్గాలకు విభజించాక, ఆ పిల్లలకు పాత గడిలోని అంకె నేరుగా పనికిరాదు. ఇలాంటివి తెలిసిన అపరిచితుడు దొరికితే అదృష్టమే, మాకు దొరకలేదు.

జేఈఈ వైపు కథ కొంత తేలిక. అక్కడ ఐఐటీ, ఎన్‌ఐటీ, ట్రిపుల్‌ఐటీల సీట్లు కేటాయించే జోసా ప్రతి రౌండుకూ, ప్రతి కేటగిరీకీ మొదటి, చివరి ర్యాంకులు ప్రకటిస్తుంది. కర్నూలు జగన్నాథగట్టు మీది ట్రిపుల్‌ఐటీడీఎంలో సొంత రాష్ట్రపు కోటా లేదు కనుక, పాట్నా కుర్రాడు చెప్పిన అంకె ప్రొద్దుటూరు పిల్లకూ పనికొస్తుంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రానివి కనుక అక్కడ పనికిరాదు. మా అమ్మాయికి జేఈఈ ర్యాంకు అంత దూరం రాలేదు, ఆ అధ్యాయం త్వరగానే ముగిసింది.

ఫలితం సంగతి. 1,200 రూపాయల ప్రాసెసింగ్ ఫీజు కట్టి, సర్టిఫికెట్ల పరిశీలన అయ్యాక, మా అమ్మాయి తన ఇష్టం వరుసలో నలభై రెండు ఆప్షన్లు తానే నమోదు చేసింది. నేను పక్కన కూర్చుని స్కేలుతో ఒక్కో గీతా సరిచూశాను. మొదటి విడతలో తొమ్మిదో ఆప్షను వచ్చింది. రెండో విడతకు దానికన్నా పైనున్న ఎనిమిదే పెట్టింది, అందులో నాలుగోది వచ్చింది. ‘పక్కా’ అని గ్రూపు మొత్తం ఒక్క గొంతుతో చెప్పిన రెండోది రాలేదు. ‘పెట్టి దండగ’ అని పులిబొమ్మ ఆయన చెప్పింది ఈ నాలుగోదే.

గ్రూపుకు రెండు మార్కులు ఎందుకిచ్చానో చెప్పాలి. సీటు వచ్చాక మా అమ్మాయి అదే గ్రూపులో ఆ కాలేజీ హాస్టల్ ఎలా ఉంటుందని అడిగింది. కడప జిల్లాలోని ఆ కాలేజీలో రెండో ఏడు చదువుతున్న ఒకమ్మాయి నాలుగు నిమిషాల వాయిస్ సందేశం పంపింది. మెస్‌లో ఏ రోజు ఏం వండుతారో, శనివారం మధ్యాహ్నం ఏ బస్సు ఎక్కితే చీకటి పడకముందే అనంతపురం చేరవచ్చో, ఏ ల్యాబుకు సొంతంగా ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలో, సీనియర్లలో ఎవరిని అడిగితే పాత పుస్తకాలు ఇస్తారో, అన్నీ చెప్పింది. ఏ పట్టికలోనూ లేనివి, ఆ గదుల్లో ఉన్నవాళ్లకే తెలిసినవి. చివర్లో గొంతు కొంచెం తగ్గించి, ‘అక్కడ ఎండాకాలం పొద్దున నీళ్లు లేటుగా వస్తాయి చెల్లీ, మూత ఉన్న పెద్ద బకెట్టు ఒకటి తెచ్చుకో, రాత్రే పట్టుకోవాలి’ అంది.

ఆ సందేశాన్ని మా ఆవిడ మూడుసార్లు విన్నది. పాతూరులో నీలం రంగు మూత బకెట్టు కొని, హాస్టల్లో చేర్చిన రోజున మంచం కింద పెట్టి వచ్చాం. గదిలోని తక్కిన ముగ్గురు పిల్లల్లో ఎవరికీ బకెట్టు లేదు. వారం తిరగకుండానే ముగ్గురూ కొనుక్కున్నారట.